డబ్బా తెరిస్తే బస్సొస్తుంది

బీఏలో ఫిలాసఫీ తీసుకున్నానని చెప్పినరోజు మా చిన్నాయన చేతిలోని చాయ్ ఒలికేలా నవ్వాడు. "గది చదివి ఏం జేస్తవ్ బిడ్డా? బస్సు రాకపోతె రోడ్డు మీద నిలబడి ఆలోచించుకుంట ఉంటవా?" అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎందుకంటే అక్షరాలా అదే జరిగింది.

డిగ్రీ అయ్యాక కొత్తూరులో ఒక మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో ఉద్యోగం దొరికింది. సీసా మీద లేబుల్ తిన్నగా అతికిందా, వంకరగా అతికిందా చూడడం నా పని. మొదటి వారంలోనే "అసలు వంకర అంటే ఏంది సార్, ఎంతవరకు తిన్నగున్నట్టు?" అని అడిగి సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిన్నాను. అయినా ఆ పని నాకు నచ్చింది. ఆరు నెలలు ట్రయల్. ఆ ఆరు నెలల్లో మూడుసార్లు ఆలస్యంగా వెళితే పర్మినెంట్ చేయరు, ఇంటికి పంపేస్తారు. గేటు ఎనిమిదిన్నరకు మూసేవాళ్లు. టైమాఫీసు పెద్దమనిషి ఒక్క నిమిషం ముందు కుర్చీలోంచి లేచి, చొక్కా కిందికి గుంజుకుని, గేటు వైపు నడిచేవాడు. అంత తీరిగ్గా నడిచే మనిషిని చూసి అంత భయపడడం మళ్లీ ఎప్పుడూ జరగలేదు.

ఈ ఉద్యోగం పోతే నా కోసం ఇంకొకటి సిద్ధంగా ఉంది. అదే నా అసలు భయం. మా బాపు సంఘపెద్ద. మా చర్చి వెనక గదిలో పాస్టరమ్మ కుట్టుకేంద్రం నడిపేది. "నీకు ఆడ కుర్చీ ఏసి పెట్టమని చెప్పిన" అని బాపు ఎంతో ప్రేమగా చెప్పాడు. జీవితాంతం దిండు గలీబులకు అంచులు కుడుతూ, పాస్టరమ్మ చెప్పే మోకాళ్ల నొప్పుల కథలు వింటూ కూర్చోవడం నా కళ్ల ముందు కనిపించేది. పైగా చిన్నాయన వచ్చి మళ్లీ చాయ్ ఒలకబోసుకుంటాడు. అది నేను బతికుండగా జరగడానికి వీల్లేదు.

మాది తొండుపల్లి. ఇప్పుడు ఆ పక్కన విమానాలు దిగుతున్నాయి గానీ, అప్పట్లో మా ఊళ్లో బస్సు ఆగడమే గొప్ప. స్టాపంటే నీడా లేదు, బోర్డూ లేదు. నీళ్ల పైపు లైన్ వేసేటప్పుడు మిగిలిపోయిన సిమెంటు గొట్టం ఒకటి రోడ్డు పక్కన పడి ఉండేది. దాని మీద కూర్చుంటే బస్సు కోసం కూర్చున్నట్టు లెక్క. ఏడున్నరకు రావాల్సిన బస్సు ఏడున్నరకు తప్ప ఎప్పుడైనా వచ్చేది.

గొట్టం మీద రోజూ ముగ్గురం. నేను. నాతోపాటు లేబుళ్ల దగ్గరే పనిచేసే పెద్దావిడ, ఆమెను ఊరంతా ఖాలా, అంటే పిన్నమ్మా, అనే పిలిచేవారు, నేనూ అంతే. మూడో మనిషి కొత్తూరులో కడుతున్న కొత్త షెడ్డుకు పనికి పోయే మేస్త్రి.

ఆ గొట్టం మీద డబ్బా మతం ఒకటి పుట్టింది, దానికి కారణం మా బాపు ప్రార్థన. పొద్దున అన్నం ముందు పెట్టుకుని సంఘంలోని కుటుంబాలన్నిటి కోసం పేరుపేరునా ప్రార్థన చేసేవాడు. ఆరోజు ఎవరింట్లోనో గేదె తప్పిపోయిందట, గేదె కోసం ప్రత్యేకంగా చేశాడు. గేదె దొరికే సూచన కనిపించలేదు, ఏడు దాటింది. నేను తినకుండానే సద్ది డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాను. గొట్టం మీద కూర్చుంటే కడుపు కరకరలాడింది. ఇక లాభం లేదని డబ్బా మూత తీసి, చింతకాయ తొక్కు కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అంతే, బస్సొచ్చింది. మర్నాడు ఖాలా కడుపులో మంటగా ఉందని రొట్టె ముక్క తుంచింది. అప్పుడూ వచ్చింది.

మా కాలేజీ లెక్చరరు ఒక మాట అనేవారు. రెండు సంగతులు ఒకదాని వెనక ఒకటి జరిగితే మనిషి మనసు ఊరుకోదు, రెంటికీ మధ్య తాడు కడుతుంది, ఆ తాడు లోకంలో ఉండదు, మన తలలోనే ఉంటుంది అని. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వల్లే పడిందనుకున్న మొదటి మనిషే మొదటి పూజారి అని కూడా అనేవారు. ఇంత చదువు చదివినదాన్ని కదా, ఆ తాడు కట్టడం కళ్లారా చూడాలని నాకు బుద్ధి పుట్టింది. ముఖం గంభీరంగా పెట్టి, "ఖాలా, చూసినవా? డబ్బా తెరిస్తె బస్సొస్తున్నది" అన్నాను.

ఖాలా నా వైపు చూసింది. రోడ్డు వైపు చూసింది. డబ్బా వైపు చూసింది. "సచ్ బోలీ, నిజమే" అంది.

ఇంత సులభంగా అయిపోతుందని నేననుకోలేదు.

అయితే మా స్టాపులో అంతకుముందే ఒక పాత మతం ఉంది. దాని పెద్ద మేస్త్రి. బీడీ అంటిస్తే బస్సొస్తుందని ఆయన నమ్మకం. "ఊకె అంటిస్తె రాదు చెల్లె. కొత్త బీడి ఉండాలె, ఒక్క దమ్ము గుంజంగనే పారెయ్యాల్సి రావాలె. పానం ఉసూరుమనాలె. అప్పుడొస్తది" అని నాకు బోధించాడు. నేను చిన్న నోటుబుక్కు పెట్టాను. అందులో "ఈరోజు బలి అనే భావన తెలిసింది" అని రాసుకున్నాను. ఎంత గర్వంగా రాశానో తలచుకుంటే ఇప్పుడు నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

కొన్నాళ్లకు మేస్త్రి కూడా డబ్బావైపు మొగ్గాడు, బీడీ మాత్రం వదల్లేదు. రెండు చోట్లా మొక్కి పెట్టుకునేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉంటారు. పైగా నియమాలు కూడా తనే చేర్చసాగాడు. డబ్బా హైదరాబాదు దిక్కుకు తిప్పి తెరవాలట. మూత ఎడమచేతిలో ఉండాలట. "ఎందుకన్నా?" అని అడిగితే, "మొన్న ఎడమ చేత్ల ఉండె. వచ్చింది గద" అన్నాడు. దాన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

తెరిచినా బస్సు రాని రోజులు కూడా ఉండేవి. ఇప్పుడు దొరికారు అనుకుని, ఒకరోజు నేను డబ్బా తెరిచి పావుగంట కూర్చున్నాను. బస్సు లేదు. "ఏంది ఖాలా మరి?" అన్నాను, లోపల నవ్వుకుంటూ.

ఖాలా చలించలేదు. "నువ్వు తిననీకి తెరిచినవా, బస్సు కోసం తెరిచినవా?"

"బస్సు కోసమే."

"గందుకే రాలే. నియ్యత్ సాఫ్ ఉండాలె బేటీ. దిల్ల ఒకటి పెట్టుకోని చేత్ల ఒకటి జేస్తె బస్సుకు తెల్వదా?"

నా నవ్వు ఆగిపోయింది. ఇది నేను అల్లిన కథ, అందులోకి నేను పెట్టని అంతస్సాక్షి ఎక్కడినుంచి వచ్చింది? పైగా ఎంత చిక్కు ప్రశ్న! బస్సు రావాలంటే బస్సును మరిచిపోయి తినాలి. కానీ బస్సు రావాలనే కదా మరిచిపోవడం! మరిచిపోదాం అనుకోవడంలోనే బస్సు హారన్ కొడుతూ కూర్చుని ఉంటుంది. మనిషి తన మనసు నుంచి తానే ఒక సంగతి దాచిపెట్టుకోగలడా? నాలుగు వారాలపాటు ప్రయత్నించాను. నిజంగా ఆకలేస్తే నిజంగా తింటాను కదా అని పొద్దున అన్నం మానేశాను. మా అమ్మ "ఏందే, ఒక్కపొద్దా?" అంది ఆశ్చర్యంగా. ఈస్టరు ముందు శ్రమకాలంలో ఒక్క పూట మానేయమంటే తలనొప్పి వస్తుందని చెప్పిన నేను, బస్సు కోసం నెలంతా ఒక్కపొద్దున్నాను. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు.

మాలో ఖాలా డబ్బాకే పట్టు ఎక్కువ. ఆమె నిజంగా ఆకలితో వచ్చేది, నిజంగా తినేది, బస్సొస్తే నిజంగా విసుక్కునేది. నాకంత నిర్మలమైన మనసు లేదు.

ఒకరోజు కండక్టరు టికెట్టు చింపుతూ నవ్వాడు. "అమ్మా, మీరు పొద్దుగాల డబ్బ తెరిచి తింట కనబడాలె. లేకుంటె మా డ్రైవరన్న పరేషాన్ అయితుండు. మిమ్మల్ని చూసిన దినం బండి ఆగిపోదని ఆయనకు నమ్మకం. కనబడితె సాలు, గాలిల తోలుతడు."

నేను కిటికీ పక్కన కూర్చుని నోటుబుక్కు తీశాను. బస్సు రావాలని మేం డబ్బా తెరుస్తున్నాం. బస్సేమో డబ్బా కోసం చూస్తోంది. నోటుబుక్కులో "దేవుడికీ మూఢనమ్మకాలున్నాయి" అని రాసి, బాపు చూస్తాడేమోనని భయపడి కొట్టేశాను.

ఇదంతా సరదాగానే సాగిపోయేది గానీ, ఆలోపు నాకు రెండు లేట్లు పడ్డాయి. మొదటిది రెండో నెలలో. రెండోది ఖాలా జ్వరంతో రాని రోజు. ఇక ఒక్కటి పడిందంటే కుట్టుకేంద్రమే. ఐదున్నర నెలలు గడిచిపోయాక, ఆఖరి పదిహేను రోజులు మిగిలాయనగా, రంజాన్ నెల మొదలైంది. ఖాలా డబ్బా తేవడం మానేసింది.

మొదటి రెండు వారాలూ ఎలాగో గడిచాయి. ఆఖరి రోజు శనివారం. ఆరోజు గేటు మూయకముందు లోపలికి అడుగుపెడితే సోమవారం నుంచి నేను పర్మినెంట్. ఆ కంగారులో పొద్దున ఏమీ తినలేదు. హిమాయత్ సాగర్ వైపు నుంచి పొగమంచు కమ్మేసింది. గొట్టం మంచుముద్దలా ఉంది. ఏడున్నర అయింది. ఏడూ నలభై అయింది. ఏడూ యాభై లోపు బస్సెక్కకపోతే ఎంత కొట్టుకున్నా గేటు మూసేలోపు అందుకోలేను.

మేస్త్రి ఒక బీడీ అంటించి పారేశాడు. రెండోది అంటించి పారేశాడు. కట్టలో మిగిలినవి చూసుకుని ఖాలా వైపు తిరిగాడు. "ఖాలా, నువ్వు తినకు. ఈ చెల్లె డబ్బ తీసుకోని ఊకె మూత తెరువు. నీ చేతి గుణం వేరే."

"ఒక్కపొద్దుండి తింటున్నట్టు నాటకమాడాల్నా? అల్లాకు కోపమొస్తది. బస్సుకు సుత కోపమొస్తది" అంది ఖాలా.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను డబ్బా తెరిచాను. హైదరాబాదు దిక్కుకు తిప్పాను. మూత ఎడమచేతికి మార్చాను. బస్సు లేదు. మూసి మళ్లీ తెరిచాను. లారీలకు చెయ్యి అడ్డం పెట్టాను, ఒక్కటీ ఆగలేదు. నా ఒళ్లు మండిపోయింది.

"ఇదంత ఉత్తదే!" అని అరిచాను. "నేనే పుట్టించిన. మీరు నమ్ముతరా లేదా చూద్దామని పరాచికానికి చెప్పిన. డబ్బకు బస్సుకు ఏం సంబంధం లేదు!"

తిడతారనుకున్నాను. ఖాలా కొంగు సర్దుకుంది. "నువ్వే పుట్టించినవా?"

"నేనే."

"మంచిది. మరి బస్సును నువ్వే తెప్పించినవా?"

"నేనెట్ల తెప్పిస్త?"

"మరింకేంది? నువ్వు చెప్పినవ్, బస్సొచ్చింది. నువ్వు పరాచికానికి చెప్పినవని బస్సుకు ఎట్ల తెలుస్తది?"

మేస్త్రి కూడా తలాడించాడు. "బీడి సుత ఎవలో మనిషి చుట్టిందే గద చెల్లె. పొగ వస్తలేదా?"

వీళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. గడియారం చూసుకున్నాను. ఏడూ యాభై మూడు. అయిపోయింది. ఇక ఎవరేం తెరిచినా, ఎవరేం అంటించినా ఒకటే. గలీబుల మీద ఎర్రదారంతో పువ్వులు కుడుతున్న నా చేతులు నాకు కనిపించాయి. ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆరు నెలలు ఎన్ని సీసాలు చూశాను, ఎన్ని వంకర లేబుళ్లు పట్టుకున్నాను, అంతా ఈ గొట్టం మీద ముగిసిపోయింది అనుకున్నాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం.

బాగా ఏడిస్తే ఆకలేస్తుంది. నాకైతే చిన్నప్పటినుంచీ అంతే. ఒళ్లో డబ్బా తెరిచే ఉంది. అమ్మ కోడిగుడ్డు పులుసు పెట్టింది. ఒక్కపొద్దున్న ఖాలా ఎదుట తినడం బాగోదని, రోడ్డుకు వీపు పెట్టి, గొట్టం అవతలివైపు తిరిగి కూర్చున్నాను. మూత ఎక్కడో మట్టిలో పడింది. ఒక ముద్ద తిన్నాను. రెండో ముద్ద తిన్నాను. ఉల్లిగడ్డ పులుసులో మగ్గి తియ్యగా ఉంది. గుడ్డును చిదిమి పచ్చసొన అన్నంలో కలుపుతుంటే లోకంలో ఇంకేదీ లేదు. ఉద్యోగం లేదు, ఫిలాసఫీ లేదు, నేనే ఉన్నానో లేనో. గుడ్డు ఉంది.

"బేటీ! బస్సు! లేవే, బస్సు!"

ఖాలా నా భుజం పట్టి ఊపుతోంది. నేను నిండు నోటితో అన్న మాట ఆమె తర్వాత ఏళ్లతరబడి ఫ్యాక్టరీ అంతటికీ చెప్పి నవ్వించింది. నేనన్నాను, "జర ఆగుమను, గుడ్డు అయిపోలే."

మేస్త్రి ఒక రెక్క, ఖాలా ఒక రెక్క పట్టుకుని నన్ను బస్సులోకి తోశారు. నా కుడిచెయ్యి పులుసుతో మోచేతిదాకా కారుతోంది. డ్రైవరు అద్దంలోంచి నా డబ్బా చూశాడు. దారిలో టైరు పంక్చరై అరగంట కూలబడ్డ మనిషి ముఖం విప్పారింది. "ఇగ ఢోకా లేదు!" అని గేరు మార్చాడు. ఆరోజు ఆయన తోలినట్టు బస్సును ఎవరూ తోలరాదు. స్టాపుల్లో దిగేవాళ్లు దిగుతుండగానే కదిలించాడు. కొత్తూరు చేరేసరికి ఎవరి జుట్టూ దువ్వినట్టు లేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పరుగెత్తేసరికి టైమాఫీసు పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, చొక్కా గుంజుకుంటున్నాడు. నేను లోపల కాలుపెట్టాను. ఆయన నా చెయ్యి చూసి, "ముందు కడుక్కొని రా" అన్నాడు.

అసలు చెప్పవలసింది బస్సులో జరిగింది. ఖాలా నన్ను సీట్లోకి తోసి తన దస్తీతో నా చెయ్యి తుడుస్తున్నప్పుడు, నా లోపల ఎవరో "థాంక్స్" అన్నారు. నేనే అన్నాను. ఎవరికన్నాను? డ్రైవరుకు కాదు, ఆయన ఇంకా గేరు మార్చలేదు. ఖాలాకు కాదు, ఆమె మీద అప్పుడు చిరాకు, గుడ్డు సగంలో లాగింది. చిన్నప్పటినుంచీ నేను మోకరించే ప్రభువుకూ కాదు. ఆయనకైతే ఎలా చెప్పాలో మా బాపు నేర్పాడు, దానికో పద్ధతుంది, ఆఖర్న ఆమెన్ ఉంటుంది. ఇది అలాంటిది కాదు. కడుపులోంచి తేన్పు వచ్చినట్టు వచ్చింది, అటువైపు తీసుకునేవాళ్లెవరో చూసుకోకుండానే. వాళ్ల తలల్లో తాడు ఎలా పడుతుందో చూద్దామని ఇన్నాళ్లూ నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. తీరా చూస్తే నా తలలో ఎప్పుడో పడిపోయింది. సిగ్గేసింది. సంతోషంగా కూడా ఉంది, అదింకా సిగ్గు.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ సోమవారం నుంచి పర్మినెంట్ అని చెప్పాడు. ఆదివారం చర్చిలో బాపు నన్ను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నాడు. "దేవుడు సమయానికి బస్సు పంపాడు" అన్నాను. అందరూ హల్లెలూయా అన్నారు. గుడ్డు సంగతి నేను చెప్పలేదు. చిన్నాయన వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు, నవ్విన నాపచేనే పండిందని ఆయన ముఖం మీదే అనాలని ఉన్నా, ప్రార్థనలో ఉన్నాం కదా అని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున నేనే వంటింట్లోకి వెళ్లి, అటక మీదినుంచి ఇంకో డబ్బా దించి, కడిగి, అందులో నాలుగు ముద్దల అన్నం పెట్టుకున్నాను. ఎప్పటి డబ్బా మధ్యాహ్నం నేను తినడానికి. ఇంకొకటి, సరే, అది పొద్దున తెరవడానికి. అమ్మ పొయ్యి దగ్గరినుంచి చూస్తూనే ఉంది.

"గా రెండో డబ్బ ఎవలికే?"

ఫిలాసఫీలో నాకు ఫస్ట్ క్లాసు. అయినా నోటికొచ్చింది ఇది. "ఖాలాకమ్మా."

"ఆమె ఒక్కపొద్దున్నది గదనే!"

చెవులు కాలిపోయాయి. అబద్ధం దొరికిపోయిందనీ, ఇప్పుడు మొత్తం చెప్పాలనీ, చెబితే బాపు ఇంకో గంట ప్రార్థన పెడతాడనీ నిలబడ్డాను. అమ్మ నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత విప్పింది.

"ఎవలికైతె ఏంది గానీ, ఉత్తన్నం పెడ్తె ఏం బాగుంటది" అంటూ, ఉడికిన గుడ్డును దారంతో సగం కోసి, అందులో పెట్టింది.